ఎవరెస్టు బేస్ క్యాంపు 11 రోజుల ప్యాకేజీ: అందులో లేని పన్నెండో రోజు

గుంటూరు కొత్తపేటలో మందుల దుకాణం నడుపుకునే నేనూ, విజయవాడలో బ్యాంకు ఉద్యోగం చేసే మా బావమరిదీ కిందటి అక్టోబరు చివరి వారంలో నేపాల్ వెళ్ళి, ఎవరెస్టు బేస్ క్యాంపు దాకా నడిచి వచ్చాము. ఏర్పాట్లన్నీ విజయవాడలోని ఒక ట్రావెల్స్ వారు చూశారు. వారి పేరు రాయదలచుకోలేదు. వారు కాగితం మీద వేసి ఇచ్చిన ప్రణాళిక కొండ మీద ఎలా తేలిందో చెప్పడం వరకే నా పని.

ఈ ఆఫీసు వారి అసలు వ్యాపారం కాశీ, చార్ ధామ్, ముక్తినాథ్ యాత్రలు. వంటవాళ్ళను వెంటబెట్టుకుని, నలభై మంది పెద్దవాళ్ళను బస్సులో కూర్చోబెట్టి, పొద్దున్నే ఉప్మా, మధ్యాహ్నం పప్పు, రసంతో భోజనం పెట్టి క్షేమంగా ఇంటికి చేర్చడంలో వారికి మంచి పేరుంది. మా అత్తగారిని రెండుసార్లు వారితోనే పంపించాము. ఆ నమ్మకంతోనే వెళ్ళాము. ఆఫీసు గోడ మీద మాలావత్ పూర్ణ ఫొటో ఒకటి అంటించి ఉంది. నాకు 51 ఏళ్ళని చెప్పగానే కౌంటరులోని కుర్రాడు ఆ ఫొటో చూపించి, "పదమూడేళ్ళ అమ్మాయి ఏకంగా శిఖరమే ఎక్కింది సార్, మీరు బేస్ క్యాంపు ఎక్కలేరా?" అన్నాడు. వినడానికి బాగానే ఉంది. అయితే 2014 మే 25న, 13 ఏళ్ళ 11 నెలల వయసులో పూర్ణ టిబెట్ వైపు నుంచి శిఖరం చేరడానికి ముందు డార్జిలింగులోనూ లదాఖ్‌లోనూ నెలల తరబడి శిక్షణ జరిగింది. మాకు ఆ ఆఫీసులో జరిగిన శిక్షణ అంతా కలిపి ఒక వాక్యం: "రోజూ దుర్గగుడి మెట్లు ఎక్కి దిగండి."

ఖాట్మండు నుంచి ఖాట్మండుకు మనిషికి 98,000 రూపాయలు. నడక మొదలయ్యే లుక్లాకు విమానం, గైడు, ఇద్దరికీ కలిపి ఒక పోర్టరు, బస, మూడు పూటల తిండి, అనుమతి పత్రాలు ఇందులోనివి. గన్నవరం నుంచి ఢిల్లీ మీదుగా ఖాట్మండు చేరే ఖర్చు, స్నానానికి వేడినీళ్ళు, ఫోను ఛార్జింగు, వైఫై, బక్షీసులు మనవి. ధర మీద నాకు ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదు రోజుల లెక్క మీద.

కాగితం మీద ఇలా ఉంది. మొదటి రోజు లుక్లాలో దిగి ఫక్డింగ్, రెండో రోజు నామ్చే బజార్, మూడో రోజు అక్కడే విశ్రాంతి, నాలుగో రోజు తెంగ్‌బోచే, అయిదో రోజు దింగ్‌బోచే, ఆరో రోజు లోబుచే, ఏడో రోజు గోరక్ షెప్ చేరి అదే పూట బేస్ క్యాంపు, ఎనిమిదో రోజు తెల్లవారుజామున కాలా పత్థర్ అనే గుట్ట ఎక్కి తిరుగు ముఖం, పదకొండో రోజు ఖాట్మండు. చూడటానికి ఎంతో పొందిగ్గా ఉంది. ఇప్పుడు ఇదే కాగితాన్ని ఎత్తుల ప్రకారం చదవండి. నామ్చే 3,440 మీటర్లు, తెంగ్‌బోచే సుమారు 3,860, దింగ్‌బోచే 4,410, లోబుచే 4,940, గోరక్ షెప్ 5,164. మూడు వేల మీటర్లు దాటిన తరువాత, రాత్రి నిద్రపోయే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి ఒకే చోట రెండు రాత్రులు గడపాలని పర్వత వైద్యులు చెబుతారు. మా ప్రణాళికలో నామ్చే విడిచిన తరువాత విశ్రాంతి రోజనేదే లేదు. పైగా వరసగా రెండు రోజులు, 550 మీటర్లొకసారి, 530 మీటర్లొకసారి, పరిమితి దాటుతుంది. నేను విచారించినంతలో, ఇదే దారికి కాస్త అనుభవం ఉన్న సంస్థలు దింగ్‌బోచేలో రెండో రాత్రి తప్పకుండా పెడుతున్నాయి. మావాళ్ళు ఆ ఒక్క రాత్రి తీసేసి, "11 రోజుల్లో ఎవరెస్టు" అని ఎర్ర అక్షరాలతో అచ్చు వేయించారు.

ఆ ఒక్క రాత్రికి ఎందుకంత పట్టింపు అంటే, బేస్ క్యాంపు ఉన్న 5,364 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్ర మట్టం దగ్గర ఉన్నదానిలో సగమే. గాలిలో ఆక్సిజన్ పాలు అక్కడా ఇక్కడా ఒకటే, 21 శాతం. పీడనం తగ్గడం వల్ల ఊపిరి తీసిన ప్రతిసారీ లోపలికి అందేది సగమవుతుంది. దాన్ని పూడ్చుకోవడానికి శరీరం వేగంగా ఊపిరి తీస్తుంది. అలా తీయడం వల్ల బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోయి, రక్తం క్షార గుణం వైపు మొగ్గుతుంది. అప్పుడు మెదడు ఊపిరి తగ్గించమంటుంది. మూత్రపిండాలు ఆ అదనపు క్షారాన్ని బయటికి తోసేస్తే గాని ఊపిరి మళ్ళీ స్వేచ్ఛగా ఆడదు, ఆ పనికి వాటికి రోజులు పడుతుంది. కండబలం దాన్ని తొందరపెట్టలేదు. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే అసిటజోలమైడ్ మాత్ర చేసేది కూడా ఇదే, మూత్రపిండాల చేత ఆ పని త్వరగా చేయించడం. మా దుకాణంలో నీటికాసుల జబ్బు ఉన్నవారికి కంటి డాక్టర్లు రాసే చీటీల మీద ఇరవై ఏళ్ళుగా ఇస్తున్న మందు ఇది.

అందుకే ఆఫీసు వారు ఇచ్చిన సంచీలో టోపీ, విజిల్, తాళ్ళతో పాటు ఆ మాత్రల స్ట్రిప్పు కూడా కనిపించేసరికి నాకు నోట మాట రాలేదు. చీటీ లేదు. ఈ మాత్ర కూడా సల్ఫా జాతిదే, ఆ మందులు పడతాయా లేదా అని అడిగినవారు లేరు. వేళ్ళ చివర తిమ్మిరెక్కుతుందని, మూత్రం ఎక్కువగా వస్తుందని, సోడా తాగితే చప్పగా ఉంటుందని చెప్పినవారూ లేరు. విజిలు ఇచ్చినట్టే మందూ ఇచ్చారు. నేను మా ఫ్యామిలీ డాక్టరుగారిని అడిగి, 250 మిల్లీగ్రాముల మాత్రలో సగం చొప్పున రోజుకు రెండుసార్లు వేసుకున్నాను. మా బావమరిది వద్దన్నాడు. వాడు రోజూ పొద్దున గంటన్నర షటిల్ ఆడతాడు. కోటప్పకొండ మెట్ల మీద నాకంటే ముందు ఎక్కి, పైన కూర్చుని నాకోసం ఎదురుచూసే మనిషి. "బావా, మందులు అమ్మేవాడికి అన్నీ జబ్బులే కనిపిస్తాయి" అన్నాడు.

ప్రయాణం మొదట్లో దొర్లిన పొరపాట్లను త్వరగా చెప్పి ముగిస్తాను. నేపాల్‌కు ఆధార్ చాలునని ఆఫీసులో చెప్పారు, అది తప్పు. విమానంలో వెళ్ళే మన వయసు వారికి పాస్‌పోర్టు గాని ఓటరు కార్డు గాని ఉండాలి. మేము అలవాటు కొద్దీ పాస్‌పోర్టులు పెట్టుకున్నాము కాబట్టి సరిపోయింది. కాగితం మీద లుక్లా విమానం ఖాట్మండు నుంచి అని ఉంది. కాని రద్దీ నెలల్లో ఆ విమానాలను చాలావరకు రామెఛాప్ జిల్లాలోని మంథలీ నుంచి నడుపుతారు. ఆ సంగతి మాకు తెలిసింది ముందురోజు రాత్రి ఎనిమిది గంటలకు. అర్ధరాత్రి దాటగానే జీపెక్కి నాలుగైదు గంటలు మలుపుల దారిలో వెళ్ళాము. లుక్లాలో రన్‌వే పొడవు 527 మీటర్లే, అదీ ఏటవాలు. దాని చివర కొండ. దిగేటప్పుడు విమానంలో మాట్లాడినవారు లేరు. మోంజోలో సాగర్‌మాథా జాతీయ పార్కు టిక్కెట్టు దగ్గర మనతో సహా సార్క్ దేశాల వారికి 1,500 నేపాలీ రూపాయలు, మిగతా విదేశీయులకు 3,000, పన్ను అదనం. మా బిల్లులో మనిషికి 3,000 చొప్పున వేసి ఉంది. దుకాణదారుణ్ణి, బిల్లు చూడకుండా ఉండలేను కదా. మన రూపాయికి వారి రూపాయి అరవై పైసల లెక్కన, పన్నుతో కలిపి మనిషికి వెయ్యి పైచిలుకు తేడా. తిరిగి వచ్చాక అడిగితే మాట్లాడకుండా ఇచ్చేశారు, అది మాత్రం చెప్పాలి.

ఇక ఈ ప్యాకేజీలో నిజంగా డబ్బుకు తగినది గైడు. అతడిది సోలుఖుంబు జిల్లానే. ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో. హిందీ బాగా వచ్చు, మమ్మల్ని "దాయీ" అని పిలిచేవాడు, అంటే అన్నా అని. మొదటి రోజే మా ఇద్దరినీ వెనక్కి పెట్టి తాను ముందు నడుస్తూ, మా బావమరిది దాటిపోబోయినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టి "బిస్తారై, బిస్తారై" అనేవాడు, నెమ్మదిగా అని. జడలబర్రెలు ఎదురొస్తే లోయ వైపు కాకుండా కొండ వైపు నిలబడాలని నేర్పింది అతడే. రోజూ రాత్రి భోజనం ముందు లాడ్జి పొయ్యి పక్కన కూర్చోబెట్టి, చేతులు వెచ్చబడేదాకా రుద్దుకోమని, ఆ తరువాత రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటరు వేలికి తగిలించేవాడు. చల్లటి వేలి మీద అది అబద్ధం చెబుతుందని అతడికి తెలుసు. మా ఊళ్ళో ఆ యంత్రం కొనుక్కుపోయేవారిలో ఎందరికి తెలుసో నాకు అనుమానమే. అంకె నిలకడగా నిలిచేదాకా చూసి, జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి, ఊరి పేరు, అంకె, నాడి, ఆకలి ఉందా, తలనొప్పి ఉందా, అయిదూ రాసుకునేవాడు. ఆకలి గడికి అతడిచ్చే విలువ అంకెకంటే ఎక్కువని నాకు రెండు రోజుల తరువాత అర్థమయింది.

దింగ్‌బోచే చేరిన సాయంత్రం ఆ గడిలో మొదటిసారి "లేదు" అని పడింది. మా బావమరిది దాల్ భాత్ పళ్ళెం ముందు కూర్చుని, నేను ఇంటి నుంచి తెచ్చిన పండుమిరప పచ్చడి వేసినా రెండు ముద్దలు తిని పక్కకు నెట్టేశాడు. గుంటూరు మనిషి పండుమిరప పచ్చడి వద్దన్నాడంటే ఆక్సీమీటరు అవసరం లేదు. అంకె 76 వచ్చింది, నాకు 85. తలనొప్పికి పారాసిటమాల్ వేసినా తగ్గలేదు, వికారం మొదలయింది. గైడు అతణ్ణి గదిలో ఒక కాలి మడమకు రెండో కాలి వేళ్ళు ఆనించి అడుగులు వేస్తూ తిన్నగా నడవమన్నాడు. నడక తూలితే మెదడుకు నీరు పట్టే ప్రమాదకరమైన దశ మొదలయిందని గుర్తు. తూలలేదు. అప్పుడు పుస్తకం మూసి, "రేపు ఎక్కడికీ పోము" అన్నాడు.

నేను విజయవాడకు ఫోను చేశాను. ఆఫీసు యజమాని మర్యాదగానే మాట్లాడారు. కాని ఆయన చెప్పింది ఇది: లోబుచేలో గదులు ముందే చెప్పి ఉంచాము, లుక్లా టిక్కెట్లు తేదీ మారితే ఇబ్బంది, మాత్ర వేసుకుని నెమ్మదిగా నడవమనండి, పైకి వెళ్ళేసరికి అదే సర్దుకుంటుంది. ఆగాలనే అనుకుంటే అదనపు రోజు ఖర్చు ఇద్దరికీ కలిపి 9,000 రూపాయలు ముందుగా పంపాలి. తలనొప్పితో ఉన్న మనిషిని ఇంకా పైకి తీసుకుపోతే అది సర్దుకోదు. ముదిరితే ఊపిరితిత్తులకో మెదడుకో నీరు పడుతుంది, అప్పుడు కిందికి దించడమే మందు. ముక్తినాథ్ గుడి ఉన్నది 3,700 మీటర్ల ఎత్తు దగ్గర; అక్కడికి వాహనంలో వెళ్ళి దర్శనం చేసుకుని అదే పూట దిగిపోయే యాత్రలో ఆయన మాట చెల్లిందేమో. 4,410 మీటర్ల దగ్గర నిద్రపోయే మనిషికి ఆ మాట చెప్పడం మాత్రం తెలియకపోవడమే. నేను డబ్బు పంపాను. గైడు ఆ ఫోను సంభాషణ మొత్తం వింటూ, భాష తెలియకపోయినా సంగతి గ్రహించి, "దాయీ, ఆయన అక్కడున్నాడు, నేను ఇక్కడున్నాను" అన్నాడు.

మర్నాడు నెమ్మదిగా గట్టు దాటి పక్క లోయలోని ఫెరిచేకు తీసుకువెళ్ళాడు. అక్కడ హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వారి చిన్న ఆసుపత్రి ఉంది. 1973 నుంచి సీజన్లలో స్వచ్ఛందంగా వచ్చే డాక్టర్లతో నడుస్తోంది. డాక్టరమ్మ బావమరిది ఛాతీ విని, ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయని, తలనొప్పి పూర్తిగా పోయేదాకా ఒక్క మీటరు కూడా పైకి వెళ్ళకూడదని చెప్పారు. మాత్ర మొదలుపెట్టమన్నారు, ముందుగా సల్ఫా పడుతుందా అని అడిగారు. విజయవాడలో ఎవరూ అడగని ప్రశ్న. మధ్యాహ్నం మూడు గంటలకు అక్కడ ఎత్తు జబ్బుల మీద రోజూ ఉచితంగా ఒక ఉపన్యాసం ఉంటుంది, దానికి కూర్చున్నాను. మనిషిని లోపల పడుకోబెట్టి గాలి పంపు కొట్టి పీడనం పెంచే సంచీ ఒకటి చూపించారు. దించడానికి వీలు కాని రాత్రుల్లో అది ప్రాణం నిలబెడుతుందట. ఎక్కువగా జబ్బు పడేది దృఢంగా ఉన్న మగవాళ్ళేనా అని నేను అడిగితే, దృఢత్వం కాపాడదు, కాకపోతే దృఢంగా ఉన్నవాళ్ళు తొందరగా నడుస్తారు అన్నారు డాక్టరమ్మ. మా వాడు తల దించుకుని టీ తాగాడు.

ఆ రాత్రి అంకె 84. పచ్చడి సీసా తనే అడిగి తీసుకున్నాడు.

ఆ తరువాత దారి బాగా సాగింది. తుక్లా దాటి ఎక్కిన చోట, పర్వతాల మీద ప్రాణాలు విడిచినవారి జ్ఞాపకంగా కట్టిన రాళ్ళ గుట్టలు పదుల సంఖ్యలో ఉన్నాయి. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కి, 2015లో ఆండీస్ పర్వతాల్లో కన్నుమూసిన మన నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు అక్కడ గుర్తుకు వచ్చారు. లోబుచే, గోరక్ షెప్‌ల మీదుగా ఇద్దరమూ బేస్ క్యాంపు చేరాము. ప్యాకేజీ కాగితం మీద అచ్చువేసిన పసుపుపచ్చ గుడారాల వరసలు అక్కడ లేవు. అవి ఏప్రిల్, మే నెలల్లో శిఖరం ఎక్కేవాళ్ళ బృందాలు వచ్చినప్పటివి. శరత్కాలంలో ఉండేది మంచుగడ్డల మీద పరుచుకున్న రాళ్ళు, అక్షరాలు రాసిన ఒక బండ, జెండాలు. "బేస్ క్యాంపు నుంచి ఎవరెస్టు శిఖర దర్శనం" అని కూడా రాశారు; అక్కడి నుంచి శిఖరం కనబడదు, ముందున్న కొండల భుజాలు అడ్డం వస్తాయి. చూడాలంటే అయిదున్నర వేల మీటర్లు దాటే కాలా పత్థర్ ఎక్కవలసిందే. మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి నేను గైడుతో బయలుదేరాను. బావమరిదికి తల కాస్త బరువుగా ఉందని పోర్టరును తోడుంచి పడుకోబెట్టాము. పైకి చేరాక నల్లటి ముక్కోణం వెనుక నుంచి వెలుగు రావడం చూశాను, కాని చూసినంతసేపూ నా మనసు సగం కింద గదిలోనే ఉంది. ఇద్దరికి ఒకే గైడు అంటే ఇదే చిక్కు: ఒకరు ఆగిపోతే గైడు ఎవరితో ఉండాలి? సహాయక గైడు ఉంటాడా అని బుక్ చేసేటప్పుడు అడగాలని నాకు తోచలేదు, వారు చెప్పనూ లేదు.

సామాన్ల విషయం. అద్దెకు ఇచ్చిన చలి కోట్లు బాగున్నాయి. స్లీపింగ్ బ్యాగు మైనస్ 20కి సరిపోతుందన్నారు గాని, నాకు ఇచ్చినదాని జిప్పు మోకాలి దగ్గర పళ్ళు ఊడి ఉంది. నామ్చేలో పిన్నీసులు కొని బిగించుకున్నాను, అయినా గోరక్ షెప్‌లో కాళ్ళ వైపు గాలి దూరుతూనే ఉంది. ఆ రాత్రి పచ్చడిలోని పప్పునూనె కూడా పేరుకుపోయింది. తిండి ఎక్కడా తక్కువ కాలేదు, దాల్ భాత్ అడిగినంత వేస్తారు. మాంసం నామ్చే పైన మానేయండి, ఆ లోయలో పశువులను వధించరు, కింది నుంచి మనిషి వీపు మీద రోజుల తరబడి వస్తుంది. బీమా పత్రం మాత్రం వచ్చాక చదివి నివ్వెరపోయాను: మామూలు విదేశీ ప్రయాణ బీమా అది, 3,000 మీటర్ల పైన నడకకు వర్తించదని చివరి పేజీలో ఉంది. హెలికాప్టరులో దించవలసి వస్తే ఖర్చంతా మా మీదే పడేది. ఆ దారిలో అవసరం లేని హెలికాప్టర్లు ఎక్కించి బీమా సొమ్ము లాగే మోసాల మీద 2018లో నేపాల్ ప్రభుత్వం విచారణ కూడా జరిపించింది కాబట్టి, 6,000 మీటర్ల దాకా వర్తించే బీమా మీరే తీసుకోండి, దాని ఫోను నంబరు మీ దగ్గరే ఉంచుకోండి.

మార్కులు వేయమంటే గైడుకు, పోర్టరుకు అయిదుకు అయిదు. విజయవాడ ఆఫీసుకు రెండు, ఆ రెండూ ఫోను ఎత్తినందుకు, టిక్కెట్టు తేడా తిరిగి ఇచ్చినందుకు. అదనపు రోజుకు పంపిన 9,000 గురించి రెండుసార్లు ఉత్తరం రాశాను; అది మీ ఇష్టపూర్వకంగా ఆగిన రోజని జవాబు వచ్చింది. కిందటి వారం మార్చి నెల బ్యాచి కరపత్రం మా దుకాణానికే తెచ్చి ఇచ్చారు, కౌంటరు మీద పెట్టుకోమని. తిప్పి చూశాను. ధర 3,000 పెరిగింది, ఆధార్ మాట తీసేశారు, మంథలీ పేరు చేర్చారు. అయిదో రోజు దింగ్‌బోచే, ఆరో రోజు లోబుచే, అదే వరస. కరపత్రాలు వెనక్కి ఇచ్చేసి, దింగ్‌బోచే పక్కన రెండో రాత్రి రాసి తెస్తే పెట్టుకుంటానని చెప్పి పంపాను.